చప్పుడు లేని డ్రమ్ములు

మా అమ్మాయి డ్రమ్స్ కావాలని అడిగినప్పుడు నేను అన్నం కలుపుకుంటున్నాను. కలుపుతున్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నెలల తర్వాత ఆ పిల్ల నోరు తెరిచి ఫలానాది కావాలని అడగడం అదే మొదలు. అడిగింది మాత్రం మా ఇంట్లో ఎవరూ అడగని వస్తువు.

ముందు పిల్ల సంగతి చెప్పాలి. ఇంటర్ అయ్యాక దాన్ని హబ్సిగూడలో ఒక కోచింగ్ సెంటర్‌లో చేర్పించి, ఆ పక్కనే హాస్టల్‌లో పెట్టాం. మేముండే నాచారం నుంచి హబ్సిగూడ ఎంత దూరమని? ఆటో ఎక్కి కూర్చుంటే కునుకు పట్టేలోపు దిగిపోవచ్చు. అయినా హాస్టల్‌లో ఉంటేనే ర్యాంకు వస్తుందని చెప్పిన వాళ్లే అందరూ. ఏడాది తిరక్కుండానే వార్డెన్ ఫోన్ చేసి, "సార్, మీ అమ్మాయి తింటలేదు, మాట్లాడ్తలేదు, జర వచ్చి తీస్కపోండి" అన్నది. తీసుకొచ్చాం. వచ్చింది మా పిల్లలా లేదు. పిలిస్తే పలికేది, పెడితే తినేది, అంతే. మిగతా పొద్దంతా గోడవైపు తిరిగి పడుకునేది. దవాఖానాలో డాక్టరమ్మ మందులు రాసిచ్చి, తనంతట తాను ఏదైనా చెయ్యాలని అడిగితే మాత్రం అడ్డుపడకండి అని గట్టిగా చెప్పింది. ఆ రోజు నుంచి మా ఆవిడా నేనూ ఆ అడగడం కోసమే కాచుకుని ఉన్నాం. బట్టలు అడుగుతుందేమో, ఫోన్ అడుగుతుందేమో, ఎక్కడికైనా తీసుకెళ్లమంటుందేమో అనుకున్నాం. అది డ్రమ్స్ అడిగింది.

ఇక మా నాయిన సంగతి. మాది ఉప్పల్. ఇప్పటి మెట్రో స్టేషన్, ఫ్లైఓవర్ పిల్లర్లు, బట్టల షోరూముల ఉప్పల్ కాదు. వరి మడులు, పటేళ్ల ఇళ్లు, అన్నిటికీ దూరంగా ఊరి చివర మా వాడ ఉన్న ఉప్పల్. మాది డప్పు కొట్టే ఇల్లు. ఊళ్లో ఎవరు పోయినా పటేలు మనిషి వచ్చి వాడ మొగదల నిలబడి కేకేసేవాడు. తింటుంటే కంచం వదిలి లేవాలి. జ్వరంతో ఉంటే జ్వరంతోనే పోవాలి. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు కట్టుకోవాలి, కాళ్లకు చెప్పులు ఉండకూడదు. శవాన్ని ఎత్తేలోపు డప్పు మోగాలి, కాష్టం దాకా శవం ముందర నడవాలి. ఆలస్యమైతే బూతులు, పటేలు కోపంగా ఉంటే దెబ్బలు. మా తాత అట్లాగే బతికి పోయాడు. నాయిన కూడా పెళ్లయ్యే దాకా అట్లాగే బతికాడు.

తర్వాత నాచారంలో ఫ్యాక్టరీలు లేచాయి. నాయిన ఒకదాంట్లో బస్తాలు మోసే పనికి కుదిరి, ఊళ్లో డప్పు వదిలేశాడు. వదిలేయడమంటే ఇప్పుడు సిగరెట్ వదిలేశానని చెప్పుకోవడం లాంటిది కాదు. పిలిచినా రానన్నాడని ఊరు పళ్లు కొరికింది, ఊరి కోపం అందరి మీదికి తెస్తున్నాడని వాడ తిట్టింది. మా అమ్మను నాట్లకు పిలవడం మానేశారు. అయినా పోలేదు. తన తర్వాత ఈ ఇంట్లోంచి ఒక్కరు కూడా ఆ పనికి పోకూడదన్నది ఒక్కటే ఆయన పట్టు. నన్ను చదివించింది దాని కోసమే. చిన్నప్పుడు కంచం మీద చెంచాతో టకటకమనిపిస్తే వచ్చి నా చెయ్యి పట్టుకునేవాడు. కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. నేను చెంచా కింద పెట్టే దాకా ఊరికే పట్టుకుని ఉండేవాడు. నా పెళ్లికి బ్యాండు పెట్టనివ్వలేదు. మా ఊరేగింపు చూసి బామ్మర్దులు, "ఏంది బావా, ఎవలన్న పోయిన్రా" అని ఏడిపించారు. వాళ్లకేం తెలుసు, మాకు ఎవరైనా పోతేనే చప్పుడని.

ఇప్పుడాయన ఎనభై దాటినవాడు. మిషన్ల మోతలో ఏళ్లకేళ్లు పని చేసి చెవులు పోయాయి. చెవికి వినికిడి మిషన్ పెట్టిస్తే తీసి జేబులో వేసుకుంటాడు, బనీనుతో పాటు ఉతుకులో వేయించాడు కూడా. రెండేళ్లుగా మతి కూడా అటూ ఇటూ పోతోంది. కొన్ని మధ్యాహ్నాలు ఉన్నట్టుండి లేచి, షిఫ్టుకు టైమైంది, సద్ది కట్టమంటాడు. మొదట్లో ఆ ఫ్యాక్టరీ మూసేసి ఎన్నో ఏళ్లయిందని వివరంగా చెప్పేవాళ్లం. ఆయన కంగారు పడేవాడు, ఏడుపు మొహం పెట్టేవాడు. తర్వాత మా ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టింది. చెవి దగ్గర నోరు పెట్టి, "ఇయాల సెలవు మామయ్యా" అని అరిచేది. "అట్లనా" అని కూర్చునేవాడు. అప్పటి నుంచి మా ఇంట్లో అందరికీ అదే అలవాటైంది. ఆయన ఏ కాలంలో ఉంటే మేమూ ఆ కాలంలోకే వెళ్లి, అక్కడి అబద్ధమే ఒకటి చెప్పి కూర్చోబెడతాం. పిల్ల కూడా అది చూసి నేర్చుకుంది.

అట్లాంటి ఇంట్లో పిల్ల డ్రమ్స్ అడిగింది. వద్దంటే అది మళ్లీ గోడవైపు తిరుగుతుంది. సరేనంటే నాయిన ఇన్నేళ్లు పట్టుకున్న పట్టును నేను ఆయన కళ్ల ముందే విప్పేసినట్టు. నేను కలిపిన అన్నాన్నే మళ్లీ కలుపుతున్నాను. పిల్లే మళ్లీ అన్నది. "ఎలక్ట్రానిక్‌వి ఉంటయి డాడీ. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే కొట్టేటోళ్లకే ఇనిపిస్తది. తాతకు తెల్వనే తెల్వదు."

అంటే అదీ ఆలోచించే అడిగిందన్నమాట. తాతకు డప్పు పడదని మాత్రమే దానికి తెలుసు. ఎందుకు పడదో మేమెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. చెబితే ఆ పటేలు కేక కూడా దాని చెవిలో పడ్డట్టే కదా అనుకునేవాణ్ణి.

మా ఆవిడ నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసి తేల్చేసింది. "మామయ్యకు పక్కన పిడుగు పడ్డా ఇనొస్తలేదు. నువ్వు ఊకె ఫికర్ చేయకు. పిల్లకు కొనియ్యి."

అట్లా వెతుకులాట మొదలైంది. నేను ఆఫీసులో జీతాల బిల్లులు చేసే మనిషిని, సంగీతంలో ఓనమాలు తెలియవు. రాత్రిపూట ఫోన్‌లో వీడియోలు చూడ్డం మొదలుపెట్టాను. ఒకడు కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇదే మంచిదంటాడు. ఇంకొకడు దాన్నే చెత్త అంటాడు. ఇద్దరూ చివర్లో ఒకే మాదిరి పళ్లికిలిస్తారు. తిక్కరేగి ఫోన్ మంచం మీద పడేసి, మళ్లీ నేనే తీసుకునేవాణ్ణి. చివరికి అర్థమైంది ఇంతే. పళ్లెం సైజులో ప్యాడ్లు ఉంటాయి. వాటి మీద పుల్లతో కొడితే వైరు గుండా ఒక చిన్న డబ్బాలోకి పోయి, అక్కడి నుంచి హెడ్‌ఫోన్‌లో డ్రమ్ము మోగుతుంది. బయటికి వచ్చేది ప్యాడు మీద పుల్ల తగిలిన చప్పుడొక్కటే. మిగతా వాళ్లంతా ఏ కిట్‌లో ఎన్ని సౌండ్లున్నాయని చూస్తారు. నేను ఏది తక్కువ చప్పుడు చేస్తుందని చూశాను. నాలాంటి గిరాకీ ఆ కంపెనీల వాళ్లకు ఇంకొకడు తగిలి ఉండడు.

అన్నిటికంటే చవకైంది చాపలా చుట్టి పెట్టుకునే రబ్బరు షీటు. దాన్ని ఉప్పల్‌లో ఒక బొమ్మల షాపులో చూశాం. మా అమ్మాయి దాని మీద వేలితో ఒకసారి నొక్కి మొహం తిప్పేసుకుంది. దానికి అలక వచ్చిందంటే నాకు సంతోషమే వేసింది. అలగడం కూడా మర్చిపోయిన పిల్ల అది.

తర్వాత అన్నోజిగూడలో ఒకాయన వాడిన కిట్ అమ్ముతున్నాడంటే ఆదివారం బస్సెక్కి వెళ్లాం. హైవే పక్కన కొత్త అపార్ట్‌మెంట్. బాల్కనీలో బట్టల స్టాండు పక్కన ఉంది కిట్. రబ్బరు ప్యాడ్లు దెబ్బలు తిని నల్లగా మెరుస్తున్నాయి. ఒకదాని మీద కొడితే పక్కది పలికింది. "గది సెట్టింగుల పోతది అన్న" అన్నాడాయన. ధర కూడా బాగా తగ్గించాడు. నేను పిల్లను కొట్టమని చెప్పి, పక్క గదిలోకి వెళ్లి తలుపు మూసి విన్నాను. టక టక టక, వంటింట్లో ఎవరో కూరగాయలు తరుగుతున్నంత గట్టిగా వినిపించింది. ఆయన నన్ను వింతగా చూశాడు. కొనడానికి వచ్చినవాడు తలుపు వేసుకుని వినడమేమిటని అనుకుని ఉంటాడు. వద్దని చెప్పి వచ్చేశాం. బస్సులో పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంటే, ఇక మళ్లీ గోడే అనుకున్నాను. కాసేపటికి అదే ఇటు తిరిగి, "రబ్బరుది కాకుంట జాలీది చూద్దాం డాడీ" అన్నది.

జాలీ సంగతి దానికి రామంతాపూర్‌లో ఒక డ్రమ్స్ మాస్టారు చెప్పాడట. మా ఆవిడకు తెలిసినవాళ్ల ద్వారా దొరికిన మనిషి. చర్చిలో డ్రమ్స్ వాయిస్తాడు, ఇంటి ముందు గదిలో పిల్లలకు నేర్పుతాడు. వెళ్లి కలిస్తే టీ తాగించి, చెప్పాల్సింది సూటిగా చెప్పాడు. "రబ్బరు వద్దన్న. జాలీ బట్టోలె ఉండే ప్యాడ్లు తీస్కో, చెయ్యికి నొప్పి కూడా ఉండది, సప్పుడు రాదు. ఇగో, కాలి కాడ మాత్రం కంజూసు చెయ్యకు. చవక దాంట్ల కాలి కింద ఉత్త స్విచ్చిస్తరు. దాంతోని నేర్సుకుంటే కాలు ఖరాబైతది. సుత్తె లేచి ప్యాడుకు తగిలే అసలు పెడలే తీస్కోవాలె." నేను తలూపాను. చప్పుడు గురించి ఆయన చెప్పింది నాకు అమృతంలా ఉంది, మిగతాది మాస్టారి పని కదా అనుకున్నాను.

హబ్సిగూడ మెయిన్ రోడ్డు మీద, మెట్లెక్కి వెళ్లే షాపు. ఆ మెట్ల మీది నుంచి చూస్తే పిల్ల ఉన్న హాస్టల్ సందు కనబడుతుంది. పిల్ల అటు చూడకుండా పైకి ఎక్కింది. షాపు కుర్రాడు, మా బడ్జెట్ అడిగి, దానికి కొంచెం పైన ఉన్న కిట్ దగ్గరికి తీసుకెళ్లాడు. వాళ్లందరికీ అదే పని. జాలీ ప్యాడ్లు, సుత్తె పెడలు, ఒకే చోట మడిచి పెట్టుకునే స్టాండు. స్టూలు వేరే, హెడ్‌ఫోన్స్ వేరే, పుల్లలు మాత్రం ఫ్రీ అన్నాడు. పిల్లను కూర్చోబెట్టి, నా చేతికి కూడా ఒక జత పుల్లలు ఇవ్వబోయాడు. "మీరు గూడ ఒకసారి కొట్టి సూడున్రి సార్, మస్తుంటది." నా చేతులు వాటంతట అవే వెనక్కి పోయాయి. నలభై ఎనిమిదేళ్ల మనిషిని, చెంచా లాక్కుంటారేమోనని భయపడ్డ పిల్లాడిలా నిలబడ్డాను. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియలేదు.

అప్పుడు మా అమ్మాయి కొట్టింది. మాస్టారి దగ్గర నేర్చుకున్న నాలుగు దెబ్బలు, అవే తిప్పి తిప్పి. హెడ్‌ఫోన్స్ దాని చెవుల మీదే ఉన్నాయి కాబట్టి నాకు ఏమీ వినిపించలేదు. కనిపించింది మాత్రం. దాని భుజాలు దిగాయి. కింది పెదవి పంటితో పట్టుకుంది, చిన్నప్పుడు ముగ్గు వేసేటప్పుడు అట్లాగే పట్టుకునేది. నాకు ఏడుపొచ్చింది. షాపువాడికి కనబడకుండా మెట్ల దాకా వెళ్లి నిలబడ్డాను. అక్కడి నుంచి చెవి పెట్టి విన్నాను కూడా. ఏమీ లేదు. చాప మీద వేళ్లతో తట్టినంత చప్పుడు. లోపలికి వచ్చి బిల్లు వెయ్యమన్నాను. బేరం కూడా ఆడలేదు, దానికి ఇంటికొచ్చాక మా ఆవిడ చేత అక్షింతలు పడ్డాయి.

పిల్ల గదిలో బిగించాం. దాని గోడకు అవతల హాలు, హాల్లో నాయిన. నేను ఒక్కో చోటా పరీక్ష పెట్టాను. పిల్లను కొట్టమని, చేతులు కాళ్లు అన్నీ ఆడించమని, వంటింట్లో నిలబడి విన్నాను. బాల్కనీలో విన్నాను. హాల్లో నాయిన పక్కనే నిలబడి విన్నాను. నాకే ఏమీ వినిపించలేదు, ఇక ఆయనకేం వినిపిస్తుంది? నా తెలివికి నేనే మురిసిపోయాను.

నేను చూడనిది ఒకటే. ఆ పరీక్షంతా నేను ఇంట్లో తొడుక్కునే మెత్తటి రబ్బరు చెప్పులతో, నిలబడి చేశాను. మా నాయిన మంచం ఎక్కడు. పరుపుతో సహా కొనిపెట్టిన మంచం మీద తన బట్టలు మడిచి పెట్టుకుంటాడు. ఆయన పడుకునేది కింద, టైల్స్ మీద చాప పరుచుకుని, చెవి నేలకు ఆనించి. ఎనభై ఏళ్లుగా అంతే. మనిషికి వినబడేది గాలిలోంచేనని నేను అనుకున్నాను, నేలలోంచి కూడా వస్తుందని నాకు తోచలేదు.

అయినా కొన్ని వారాలు ఏమీ కాలేదు. మాస్టారు ముందు చేతులే నేర్పాడు. జాలీ మీద చేతి దెబ్బలు నేలలోకి దిగవు. ఆ వారాలు మా ఇంట్లో మళ్లీ మనుషులున్నట్టనిపించింది. పిల్ల అన్నం తనే వడ్డించుకునేది. రామంతాపూర్‌కు షేర్ ఆటోలో ఒక్కతే వెళ్లొచ్చేది. ఒకరోజు నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ తల ఊపుతుంటే, "డాడీ, నీ తల ఒక దిక్కు, బీటు ఒక దిక్కు" అని నవ్వింది. ఆ నవ్వు వినడానికి ఆ కిట్ ఇంకో రెండు కొనమన్నా కొనేవాణ్ణి.

తర్వాత మాస్టారు కాలు నేర్పాడు. తొందరపడొద్దు, నిదానంగా ఒక దెబ్బ, ఆగు, మళ్లీ ఒక దెబ్బ, రోజూ పొద్దున్నే అదొక్కటే చెయ్యి అన్నాడట.

ఆ ఆదివారం పొద్దున మా ఆవిడ ఉప్పల్ మార్కెట్‌కు వెళ్లింది. నేను ఆఫీసు వాళ్ల గృహప్రవేశానికి బయల్దేరుతున్నాను. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకుని హాల్లోకి వచ్చేసరికి నాయిన చాప మీద లేచి కూర్చుని ఉన్నాడు. అరచెయ్యి నేలకు ఆనించి ఉంది. తల వంచి, ఎవరో చెబుతున్న మాట వింటున్నట్టు ఉన్నాడు. ఏమైందని వంగి, నేనూ చెయ్యి ఆనించాను. నేలలోంచి నా అరచేతికి తగిలింది. ఒక దెబ్బ. ఆగి, మళ్లీ ఒక దెబ్బ. ఎంత నిదానంగా ఉందంటే, చావు దరువు ఎప్పుడూ నేర్చుకోని నాకు కూడా తెలిసిపోయింది.

నాయిన లేచాడు. గోడ పట్టుకోకుండా లేవడం నేను చూసి చాలా కాలమైంది. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు బిగించి కట్టుకున్నాడు. చెప్పుల వంక కూడా చూడకుండా తలుపు దగ్గరికి నడిచి, గడియ కోసం తడుముకుంటున్నాడు. నేను వెళ్లి ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, మా ఇంటి మందు వేశాను.

"ఇయాల సెలవు నాయినా."

ఆయన తల ఎత్తలేదు. నా తెల్ల చొక్కా గుండీల వరకే చూశాడు. రెండు చేతులూ దగ్గరికి వచ్చాయి.

"సావుకు సెలవేంది పటేలా. ఒస్తున్న. మావోళ్లు అప్పుడే కొడ్తున్నరు, నేనే జర ఎన్కబడ్డ. నీ బాంచెన్, ఏమనకున్రి. ఒస్తున్న."

నేను ఆయన కొడుకును. ఆ కేక వినకూడదనే బస్తాలు మోసి చదివించిన కొడుకును. ఆ పొద్దు ఆయన ముందు కేకేసే మనిషినై నిలబడ్డాను. పిల్ల గది తలుపు తీసి, ఆపమని చేత్తో సైగ చేశాను. పిల్ల హెడ్‌ఫోన్స్ తీసి ఏంటన్నట్టు చూసింది. కాలు ఆగింది.

ఆపితే ఆయన కూర్చుంటాడనుకున్నాను. ఉత్త కాళ్లతో నిలబడ్డ మనిషికి అది ఆగిన సంగతి నాకంటే ముందే తెలిసింది. మొహం తెల్లబోయింది.

"ఆగింది. ఎత్తిన్రు. నేను లేకుంటనే ఎత్తిన్రు పటేలా." అని తలుపును రెండు చేతులతో నెట్టడం మొదలుపెట్టాడు. ఇప్పుడింకేం చేస్తారో అన్న భయం ఆయన కళ్లలో కనబడింది. అట్లాంటి భయాన్ని నేను ఆయన మొహంలో ఎప్పుడూ చూడలేదు.

పిల్ల గుమ్మంలోకి వచ్చింది. "తాత ఏమంటుండు డాడీ?"

నేను ఇన్నేళ్లు చెప్పనిదంతా రెండు ముక్కల్లో చెప్పాను. "ఎవరో పోయిన్రనుకుంటుండు. డప్పు కొట్టనీకి పోవాలె, లేటైంది, కొడ్తరు అంటుండు."

అది వెళ్లి తాత చేతులు తలుపు మీది నుంచి మెల్లగా విడిపించి, భుజం పట్టుకుని తీసుకొచ్చి చాప మీద కూర్చోబెట్టింది. తనూ ఎదురుగా కూర్చుని, ఆయన చెవి దగ్గరికి వంగింది. ఆ పిల్ల అంత గట్టిగా, అంత ధైర్యంగా మాట్లాడి ఎంత కాలమైందో.

"అయిపోయింది తాతా. నువ్వు పోవుడు అవసరం లేదు. నీకు జరమొచ్చిందని చెప్పిన. నీ బదులు నేను పోయి కొట్టొచ్చిన."

మా ఇంట్లో అందరం చేసేదే అదీ చేసింది. ఆయన ఉన్న కాలంలోకి వెళ్లి, అక్కడ సరిపోయే అబద్ధం చెప్పింది. అది మాట పూర్తి చేసేలోపే నాకు అర్థమైంది, వద్దని చెయ్యి కూడా ఎత్తాను. అప్పటికే ఆలస్యమైంది.

నాయిన దాని మొహంలోకి చూశాడు. అప్పటి దాకా ఎక్కడెక్కడో తిరిగిన చూపు వచ్చి దాని మీద నిలిచింది. మనవరాల్ని గుర్తుపట్టాడు. రోజుల తరబడి గుర్తుపట్టని మనిషి సరిగ్గా ఆ క్షణంలో గుర్తుపట్టాడు.

"నువ్వు పోయినవా?"

"పోయిన తాతా. ఎవ్వరు ఏమనలే."

ఆయన దాని రెండు చేతులూ తీసుకుని వెల్లకిలా తిప్పాడు. బొటనవేళ్ల మొదట్లో, చూపుడువేళ్ల మీద పుల్లల రాపిడికి బొబ్బలు లేచి ఉన్నాయి. ఆ బొబ్బలు ఎక్కడ లేస్తాయో ఆయనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. వాటి మీద తన వేలు పెట్టి చూశాడు.

"ఎందుకు పోయినవ్ బిడ్డా? నేను బతికే ఉన్న గద."

మా నాయిన ఏడవడం నేను మొదటిసారి చూశాను. అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు. ఆ చేతుల్లో మొహం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా గొంతు చించుకుని ఏడ్చాడు. పిల్ల నా వైపు చూసింది. నేనేం తప్పు చెప్పాను డాడీ అన్న చూపు.

తర్వాత ఎన్ని చెప్పామో. అది అబద్ధం నాయినా అన్నాను. కిట్ దగ్గరికి తీసుకెళ్లి, ఇది ఆట వస్తువు, ఇది డప్పు కాదు అని చూపించాను. మా ఆవిడ ఏ దేవుడి మీదో ఒట్టు కూడా పెట్టింది. మధ్యాహ్నం ఏం తిన్నదీ ఆయనకు గుర్తుండదు, అమ్మ పోయిన సంగతి గుర్తుండదు, నా పేరు గుర్తుండదు. అదొక్కటి మాత్రం గుర్తుండిపోయింది.

రామంతాపూర్ మాస్టారు ఫోన్ చేసి, కింద మందపాటి ఫోము వేసి, టెన్నిస్ బంతుల మీద చెక్క పెట్టి దాని మీద పెడలు పెడితే నేలలోకి దిగదని ఓపికగా చెప్పాడు. బంతులు, చెక్క, ఫోము అన్నీ తెచ్చాను. పరీక్ష కూడా చేద్దామన్నాను, ఈసారి కింద పడుకుని. పిల్ల వద్దన్నది. కోపంగా కాదు, మామూలుగానే అన్నది. తనే కిట్ మడిచి దుప్పటి కప్పింది. ఆ తర్వాత మళ్లీ దాని ముందు కూర్చోలేదు, మాస్టారి దగ్గరికీ వెళ్లలేదు. మధ్యాహ్నాలు మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటోంది. ఇద్దరికీ నొప్పి తగలకూడదని ఏరి ఏరి కొన్నాను. ఇద్దరినీ పోగొట్టుకున్నాను.

పొద్దున మాత్రం ఒక్కసారి గదిలోంచి బయటికి వస్తుంది. తాత చాప ముందు కూర్చుని, ఆయన అడక్కముందే రెండు చేతులూ చాపుతుంది. బొబ్బలు ఎప్పుడో మానిపోయాయి, మచ్చ కూడా లేదు. ఆయన ఆ చేతులను కిటికీ వెలుతురుకు పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూస్తాడు.

"ఇయాల గూడ పోయినవా బిడ్డా?"

పోలేదని అది తల అడ్డంగా ఊపుతుంది. ఆయన నమ్మడు.